పండ్లాయనకు తెలియని రెండు రంగులు

పండ్ల పరిశోధనశాలలో ఆ మనిషిని అసలు పేరుతో పిలిచేది హాజరుపట్టీ రాసే గుమస్తా ఒక్కడే, అదీ పొద్దున ఒక్కసారి. మిగతా అందరికీ ఆయన పండ్లాయన. ఇరవై ఎనిమిదేళ్ళుగా అక్కడ సహాయకుడి ఉద్యోగం. కొండవాలుకు వెళ్ళి అడవిపండ్లు కోసుకురావడం, పచ్చివీ పండినవీ వేరుచేయడం, కల్వంలో నూరడం, రసం వడకట్టి ట్యూబుల్లో పోయడం, చివరికి ఆ ట్యూబులు కడిగి బోర్లించడం, అన్నీ ఆయన పనులే. సన్నగా పొడుగ్గా ఉంటాడు. ఒకరి జోలికి పోడు, ఒకరి మాట మోయడు. అలాంటి మనిషి ఇరవై ఎనిమిదేళ్ళుగా కొలువిచ్చినవాళ్ళ కళ్ళు కప్పుతున్నాడంటే ఎవరైనా నమ్ముతారా? నమ్మరు. అందుకే అన్నాళ్ళు చెల్లింది.

పండ్లాయనకు ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదు. పుట్టుకతో అంతే. రెండూ ఆయన కంటికి తడిసిన అట్టముక్క రంగే. నీలం తెలుసు, పసుపు తెలుసు, నలుపూ తెలుపూ తెలుసు. ఆ రెండే తెలియవు. తెలియనివాడు ఏ గిడ్డంగిలోనో, ఏ అచ్చుయంత్రం దగ్గరో చేరి హాయిగా బతకొచ్చు కదా? లేదు. ఏరికోరి పండ్లను రంగు చూసి వేరుచేసే ఉద్యోగంలో చేరాడు మహానుభావుడు.

ఎలా చేరాడో కూడా చెప్పాలి. ఉద్యోగంలోకి తీసుకునే ముందు కంటిపరీక్ష పెట్టారు. రంగుచుక్కల పుస్తకం ముందు పెట్టి, చుక్కల మధ్య దాగిన అంకె ఏమిటో చెప్పమంటారు. పండ్లాయనకు అందులో చుక్కలు తప్ప ఏమీ కనిపించవు. కానీ వరసలో ఆయనకు ముందు నిలబడ్డవాడి గొంతు పెద్దది. పుస్తకంలోని ప్రతి అంకెనూ బడిలో ఎక్కం అప్పజెప్పినట్టు అరిచి చెప్పాడు. వెనకున్న పండ్లాయన వాటిని అదే వరసలో బట్టీపట్టి, మధ్యమధ్య కళ్ళు చిట్లించి ఆలోచిస్తున్నట్టు నటిస్తూ చెప్పేశాడు. డాక్టరు తలెత్తకుండా సంతకం పెట్టాడు. ఆ గొంతుగల మనిషి ఎక్కడున్నా చల్లగా ఉండాలని పండ్లాయన ఇప్పటికీ అనుకుంటూ ఉంటాడు.

ఈ గుట్టు తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే, ఆయన భార్య. ఆవిడకు పెళ్ళైన నెలలోనే తెలిసింది. కిటికీలకు ఎర్ర కర్టెన్లు తెమ్మంటే ఆకుపచ్చవి తెచ్చి, "నువ్వు చెప్పినవే కదే" అన్నాడు. ఆవిడ మొదట హాస్యమనుకుంది. తర్వాత పొగరనుకుంది. ఆ తర్వాత ఇంట్లో ఉన్న వస్తువులన్నీ ఒక్కొక్కటే ఎత్తి చూపించి "ఇదేం రంగు? మరి ఇదేం రంగు?" అని పొద్దుగూకేదాకా అడిగింది. ఆ రోజు నుంచి ఆయన చొక్కాల, స్వెట్టర్ల మెడల వెనక దారంతో ముడులు వేస్తోంది. ఒక ముడి అంటే ఆకుపచ్చ, రెండు ముడులంటే ఎరుపు. ఇద్దరికీ మాటామాటా వచ్చిన వారంలో మాత్రం ఆ ముడులు తారుమారవుతాయి. అప్పుడు పండ్లాయన ఎర్రచొక్కా మీద ఆకుపచ్చ స్వెట్టరు తొడుక్కుని ఆఫీసుకు వస్తాడు. ఇంట్లో ఏదో జరిగిందని మాత్రం అందరికీ అర్థమవుతుంది.

మరి ఇన్నేళ్ళు పని ఎలా నెట్టుకొచ్చాడు? వేళ్ళతో.

ఆ పరిశోధనశాల వెనక కొండవాలు నిండా ముళ్ళపొదలు. వాటికి కాసే చిన్నపండును పిల్లలు సిరాపండు అంటారు, తింటే నాలుక సిరా తాగినట్టవుతుంది కాబట్టి. పండే దారిలో దానికి ఐదు దశలు. పచ్చిది ఒకటో దశ. ఒక బుగ్గన ఎరుపు దిగితే రెండు. ఒళ్ళంతా ఎర్రబడితే మూడు. ఊదారంగుకు తిరిగితే నాలుగు. నల్లబడితే ఐదు. కన్నున్నవాడికి ఇదేమంత పని కాదు. పండ్లాయన మాత్రం ప్రతి పండునూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా ఒక్క నొక్కు నొక్కుతాడు. ఒకటో దశ గోలీ. రెండు కూడా గట్టిదే, కానీ తొడిమ దగ్గర కాస్త లొంగుతుంది. మూడు చెవితమ్మెలా ఉంటుంది. నాలుగు అంతకన్నా మెత్తన. ఐదును నొక్కకూడదు, తొడిమను ముట్టుకుంటే చాలు, పండే చేతిలోకి వచ్చేస్తుంది. ఎప్పుడైనా అనుమానమొస్తే నాలుక మీద వేసుకుంటాడు. పచ్చిదైతే వగరుకు నోరు దగ్గరపడిపోతుంది.

ముందున్న సారు ఇదంతా చూసి, "మీరు పండుకు నాడి చూస్తారయ్యా" అని నవ్వేవాడు. ఎందుకు చూస్తున్నావని మాత్రం ఒక్కరోజూ అడగలేదు. ఆయన పదవీ విరమణ చేసి వెళ్ళిపోయాక ఆ కుర్చీలోకి చిన్నమేడమ్ వచ్చింది.

చిన్నమేడమ్ మంచి పిల్ల. పండ్లాయన కూతురి ఈడే. ఆయన్ని "బాబాయ్ గారూ" అని నోరారా పిలుస్తుంది. ఆమెతో వచ్చిన చిక్కల్లా ఒక్కటే, ఏ పనీ ఉన్నచోట ఉండనివ్వదు. గోడగడియారం నుంచి చేతులు తుడుచుకునే గుడ్డ దాకా అన్నింటికీ ఒక పద్ధతి పెట్టింది. వచ్చిన మొదటి వారమే పండ్లాయనను కూర్చోబెట్టి చేయబోయే పని విడమరచి చెప్పింది.

"కోసిన పండు గాలికి నల్లబడుతుంది కదా బాబాయ్ గారూ, మన ఒంట్లో కూడా అలాంటి పాడయ్యే పని ఒకటి నడుస్తూ ఉంటుంది. దాన్ని అడ్డుకునే పదార్థాలు కొన్ని పండ్లలో ఉంటాయి. వాటినే యాంటీఆక్సిడెంట్లు అంటారు. సిరాపండు పచ్చిది మొదలు నల్లబడేదాకా అవి ఎక్కడ పెరుగుతాయో ఎక్కడ తగ్గుతాయో చూడాలి. అంతే."

"అంతేనా అమ్మా," అన్నాడు పండ్లాయన. ఇరవై ఎనిమిదేళ్ళుగా తాను చేస్తున్న పనికి ఇంత అర్థముందని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

పరీక్ష కూడా ఆయనకు నచ్చింది. ఊదారంగు ద్రావణంలో పండురసం చుక్కలు వేస్తారు. ఆ పదార్థాలు ఎంత ఎక్కువుంటే ఊదా అంతగా వెలిసి పసుపు తేలుతుంది. ఎంత వెలిసిందో మిషను అంకెల్లో చెబుతుంది. పండ్లాయన కంటికి ఆ ఊదా నీలంగా కనిపిస్తుంది. నీలం పోయి పసుపు రావడం ఆయనకు శుభ్రంగా తెలుస్తుంది. లోకంలో తనకోసం కనిపెట్టిన పరీక్ష ఇదొక్కటే అని లోపల్లోపల మురిసిపోయాడు.

ఆ మురిపెం ఎన్నాళ్ళో నిలవలేదు. కాపు మొదలైన రోజు చిన్నమేడమ్ కొత్త డబ్బాలు తెప్పించింది. పాతవాటి మీద పెన్నుతో రాసిన అంకెలు ఫ్రీజరు తడికి చెరిగిపోతున్నాయట. కొత్త మూతల మీద గుండ్రటి స్టిక్కర్లు అంటించింది. ఒకటో దశకు ఆకుపచ్చ, రెండుకు పసుపు, మూడుకు ఎరుపు, నాలుగుకు ఊదా, ఐదుకు నలుపు.

"ఇంక పొరపాటన్న మాటే లేదు బాబాయ్ గారూ. చిన్నపిల్లలు కూడా తప్పు చేయలేరు," అంది.

పండ్లాయనకు పై ప్రాణం పైనే పోయింది. అయినా నవ్వాడు. ఐదు డబ్బాలనూ ఆమె చేతే బల్ల మీద వరసగా పెట్టించి, ఎడమ చివరది ఆకుపచ్చ, నడిమిది ఎరుపు అని మనసులో రాసుకున్నాడు. ఈలోగా బల్ల తుడిచే ఆవిడ వచ్చింది. ఆవిడ చాలా శుభ్రమైన మనిషి. డబ్బాలన్నీ కిందికి దించి, బల్లను అద్దంలా తుడిచి, ఖాళీ డబ్బాలను చేతికొచ్చినట్టు పైన పేర్చి వెళ్ళిపోయింది.

పండ్లాయన పసుపు, ఊదా, నలుపు మూతలను వాటి చోట్లలో పెట్టాడు. చేతిలో రెండు మిగిలాయి. రెండూ ఒకటే. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు, వాసన చూశాడు. కొత్త ప్లాస్టిక్ వాసన తప్ప ఏమీ లేదు. పక్కగదిలో చిన్నమేడమ్ ఉంది, గుమ్మంలో బల్ల తుడిచే ఆవిడ ఉంది. "అమ్మా, ఇందులో ఆకుపచ్చ ఏది?" అని ఒక్క మాట అడిగితే తీరిపోయేది. కానీ ఇరవై ఎనిమిదేళ్ళుగా అడగకుండా బతికిన నోరు అది, తెరుచుకోలేదు. ఒకటి తీసి ఎడమ చివర పెట్టాడు, రెండోది నడుమ పెట్టాడు. తప్పు పెట్టాడు.

ఆ తర్వాత మూడు వారాలు పని గడియారంలా నడిచింది. పండ్లాయన కోసుకొచ్చేవాడు, నొక్కి వేరుచేసేవాడు, అదే వరస తప్పకుండా డబ్బాల్లో నింపేవాడు, రోజుకు కొన్ని తీసి నూరి, వడకట్టి, రంగు పూర్తిగా పోయేంత పలచన చేసి ట్యూబుల్లో పోసేవాడు. చిన్నమేడమ్ డబ్బా మూతను చూసి, అదే రంగు స్టిక్కరు ట్యూబుకు అంటించి మిషనులో పెట్టేది. మూత తీసి లోపల ఏముందో చూసే అవసరం ఆమెకు రాలేదు. స్టిక్కరు మీద ఆమెకు అంత గురి.

మూడో వారం శుక్రవారం పొద్దున చిన్నమేడమ్ పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో పెద్ద కాగితం, దాని మీద గీసిన గీత.

"బాబాయ్ గారూ! నేను చదివినంతలో ఇలాంటి పండ్లు చాలావాటికి పచ్చిగా ఉన్నప్పుడే యాంటీఆక్సిడెంట్లు ఎక్కువ. ఎర్రబడేసరికి తగ్గుతాయి, నల్లబడేటప్పుడు రంగుతోపాటు మళ్ళీ పెరుగుతాయి. మన కొండమీద అంతా తిరగబడింది! పచ్చివాటిలో తక్కువ, ఎర్రవాటిలో బోలెడు! మన పని చూడటానికి బుధవారం కమిటీ వస్తోంది కదా, దీన్నే చూపిస్తాను. పేరు కూడా పెట్టేశాను. తలకిందులైన సిరాపండు!"

వాళ్ళమ్మకు ఫోన్ చేసి చెప్పిందట. వాళ్ళమ్మ వీధి వీధంతా చెప్పిందట.

పండ్లాయన గీత మీద పచ్చి దగ్గర వేలు పెట్టి చూశాడు. పచ్చిపండు వగరు ఆయన నాలుకకు తెలుసు. నోరు దగ్గరపడేంత వగరున్న రసం ఊదా ద్రావణాన్ని ఎంత గబగబా వెలిసేలా చేస్తుందో ఈ మూడు వారాల్లో కళ్ళారా చూశాడు. "అమ్మా, ఆ పచ్చివాటి డబ్బా ఒకసారి ఇలా ఇస్తావా?" అన్నాడు. చిన్నమేడమ్ ఫ్రీజర్లోంచి ఆకుపచ్చ మూత డబ్బా తీసి చేతికిచ్చి, గీతకు రంగులు వేసుకోవడానికి వెళ్ళిపోయింది.

గడ్డకట్టి కరిగిన పండుకు నాడి ఉండదు. అందుకని ఒకటి తీసి నోట్లో వేసుకున్నాడు. వగరు లేదు. పులుపు, దాని వెనక కాస్త తీపి. ఇంకోటి వేసుకున్నాడు. అదీ అంతే. ఎనిమిది తిన్నాడు. ఎనిమిదీ మూడో దశవే. ఆ రోజు తాను ఎడమ చివర పెట్టిన డబ్బా గుర్తొచ్చింది.

సాయంత్రం ఇంట్లో అన్నం ముందు కూర్చుని భార్యకు అంతా చెప్పాడు. ఆవిడ విన్నంతసేపూ విని, గరిటె కింద పెట్టింది.

"చెప్పొద్దు. నోరెత్తారో, నా మీద ఒట్టే. ఇంకా రెండేళ్ళ కొలువుంది. ఇప్పుడు కంటిపరీక్షలో మోసం చేశాడని ఇంటికి పంపిస్తే, నలుగురిలో తలెత్తుకోగలమా?"

"మరి ఆ పిల్ల కమిటీ ముందు తప్పు చెబుతుందే."

"మిషను పాడైందని చెప్పండి."

"మిషనేం చేసిందే పాపం. మూడు వారాలుగా నిజం చెప్పింది అదొక్కటే."

ఆవిడ మజ్జిగ పోసింది. "కమిటీ అంటే పెద్దవాళ్ళా?" అని అడిగింది.

"పెద్దవాళ్ళే."

"వాళ్ళలో ఎవరో ఒకరు పండు కొరికి చూస్తే?"

"చూస్తారు. ఆ పిల్ల పరువు పోతుంది. వాళ్ళమ్మ వీధంతా చెప్పుకుంది కూడా."

"అయ్యో," అంది ఆవిడ. గొంతు మారింది. "మన పిల్లే అయితే ఊరుకుంటామా? రేపు పొద్దున్నే వెళ్ళి చెప్పేయండి. ముందు చెప్పకపోవడమేంటి అసలు? మూడు వారాలు ఏం చేస్తున్నారు?"

"చెప్పొద్దంది నువ్వే కదే!"

"నేనంటే మీరు వినేస్తారా?" అని ఆవిడ కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. లోపల కొంగుతో కళ్ళు తుడుచుకోవడం పండ్లాయన చూశాడు. ఆయనకూ భయంగానే ఉంది. కొలువు పోతుందన్న భయం కన్నా, ఇన్నేళ్ళూ తనను మంచివాడన్న నోళ్ళు ఇకనుంచి ఏమంటాయో అన్న భయం ఎక్కువ.

మర్నాడు చిన్నమేడమ్ గదిలో పండ్లాయన పావుగంట నీళ్ళు నమిలాడు. వాతావరణం సంగతి మాట్లాడాడు. కిటికీ గొళ్ళెం సంగతి మాట్లాడాడు. చివరికి గోడకేసి తిరిగి, "అమ్మా, నాకు ఎరుపూ ఆకుపచ్చా తెలియవు," అనేశాడు.

"ఎర్రట్ట, పచ్చట్ట పుస్తకాలా బాబాయ్ గారూ?" అంది ఆమె, లెక్కలు చూసుకుంటూ.

"పుస్తకాలు కాదమ్మా. రంగులు. నా కంటికి కనిపించవు."

ఆమె తలెత్తింది. తర్వాత జరగవలసిందే జరిగింది. "ఇదేం రంగు?" అని పెన్ను చూపించింది. "మరి ఇది?" అని సంచి చూపించింది. "ఇది?" అని కాలిచెప్పు కూడా విప్పి చూపించింది. పండ్లాయన ఓపిగ్గా తెలియదు, తెలియదు, తెలియదు అన్నాడు. నాలుగో వస్తువు కోసం చుట్టూ వెతుకుతున్నదల్లా చిన్నమేడమ్ చటుక్కున ఆగిపోయింది. ఫ్రీజరు దగ్గరికి వెళ్ళి ఆకుపచ్చ మూత తీసింది. లోపల ఎర్రటి పండ్లు. ఎర్ర మూత తీసింది. లోపల పచ్చిపండ్లు నిగనిగలాడుతున్నాయి.

స్టూలు మీద కూలబడింది. పండ్లాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తిడుతుందనుకున్నాడు. పరిశోధనశాల నడిపే పెద్దసారు దగ్గరికి వెళుతుందనుకున్నాడు.

"మూడు వారాలు," అంది. "మూడు వారాల్లో ఒక్కసారి ఈ మూత ఎత్తలేదు నేను. మా అమ్మ వీధంతా చెప్పేసింది కూడా." ముక్కు చీదుకుంది. ఏడవబోయేదల్లా ఏదో తట్టి ముఖం పైకెత్తింది. "అవునూ, డబ్బాలు మారాయి గానీ, డబ్బాల్లో పండ్లు కలవలేదే! ఇందులో అన్నీ ఎర్రవే, అందులో అన్నీ పచ్చివే. రంగు తెలియకుండా ఎలా వేరుచేశారు?"

పండ్లాయన రెండు వేళ్ళు చూపించాడు.

చిన్నమేడమ్ ఏ పనీ ఉన్నచోట ఉండనివ్వదని ముందే అనుకున్నాం. ఆ పూటే కొండమీద నుంచి తాజా పండ్లు తెప్పించి, పండ్లాయన కళ్ళకు రుమాలు కట్టింది. ఆయన నలభై పండ్లు నొక్కి ఐదు కుప్పలు పోశాడు. ఆమె రంగుకార్డు పట్టుకుని ఒక్కొక్కటే సరిచూసింది. ఒక్కదాని దగ్గర తగువొచ్చింది. ఆమె మూడంది, ఆయన ఒకటన్నాడు. బ్లేడుతో కోసి చూస్తే ఎండకు పైతోలు మాత్రం ఎర్రబడింది, లోపలంతా పచ్చి. ఆమె తన కార్డు వంక చూసుకుంది. తర్వాత తాను రంగు చూసి వేరుచేసినవి ఒక నలభై, ఆయన నొక్కి వేరుచేసినవి ఒక నలభై మిషనుకు పెట్టింది. ఆయన పండ్ల అంకెలు ఏ దశకు ఆ దశ దగ్గరదగ్గరగా వచ్చాయి. ఆమె పండ్ల అంకెలు చెల్లాచెదురుగా వచ్చాయి.

మంగళవారానికి కొత్త గీత తయారైంది. పచ్చిదగ్గర ఎత్తుగా మొదలై, ఎరుపు దగ్గర కిందికి దిగి, నలుపు దగ్గర మళ్ళీ పైకి లేచింది. అందరి గీతల్లాంటి గీతే.

"నా ఆవిష్కరణ పోయింది బాబాయ్ గారూ," అంది చిన్నమేడమ్.

"పోతే పోయిందిలే అమ్మా. దాన్ని కనిపెట్టింది నేను కదా, నాకే బాధ లేదు," అన్నాడు పండ్లాయన. ఆమె ఫక్కున నవ్వింది. నవ్వాక గొంతు తగ్గించి, "మీ కంటి సంగతి ఈ గది దాటదు. నా మీద వదిలేయండి," అంది.

బుధవారం కమిటీ వచ్చింది. ముగ్గురు. అందులో పెద్దావిడ చేతికర్రతో నడుస్తుంది, కళ్ళద్దాలు మందం. పరిశోధనశాల పెద్దసారు ఆవిడ పక్కన ఒద్దికగా కూర్చున్నారు. ఆయన నిబంధనల మనిషి. కుర్చీ జరిపినా ఏ ఉత్తర్వు ప్రకారం జరిపారని అడిగే రకం. పండ్లాయన ఐదు అరల ట్రేలో ఐదు దశల పండ్లు పట్టుకుని గోడవారగా నిలబడ్డాడు. చిన్నమేడమ్ గీత చూపించి చక్కగా చెప్పింది.

చేతికర్రావిడ ముందుకు వంగింది. "గీతలో వింత లేదు. అంకెల్లో ఉంది. రెండో దశకీ మూడో దశకీ మధ్య చాలామంది పండ్లు కలిపేసి అంకెలు పాడుచేస్తారు. మీవి ఇంత శుభ్రంగా ఎలా వచ్చాయమ్మా? ఎలా వేరుచేశారు?"

చిన్నమేడమ్ ఒక్కసారి పండ్లాయన వైపు చూసి, చూపు తిప్పుకుంది.

"రంగుకార్డు చూసి వేరుచేశామండీ," అంది.

ఆమె ముఖం ఎర్రబడిందో లేదో పండ్లాయనకు తెలియదు. గొంతు మాత్రం తెలిసింది. గడియారం రెండు నిమిషాలు తప్పితే ఊరుకోని పిల్ల, గుడ్డ మడతలో తేడా ఉంటే మళ్ళీ మడతపెట్టే పిల్ల, ఇంతమంది ముందు తనకోసం అబద్ధమాడింది. ఆ అబద్ధం రేపు అచ్చులోకి ఎక్కుతుంది. అది చదివి ఎక్కడో ఎవరో రంగుకార్డు పట్టుకుని పండ్లు కలిపేస్తారు. ఆమె పేరు పక్కన అది అలా ఉండిపోతుంది. పండ్లాయనకు తన కొలువు ఆ క్షణాన చాలా చిన్నదిగా తోచింది.

"కాదండీ," అన్నాడు. ట్రే తెచ్చి బల్ల మీద పెట్టాడు. "రంగు చూసి కాదు. వేలితో నొక్కి. నేనే చేశాను. నాకు ఎరుపూ ఆకుపచ్చా కనిపించవండీ. కంటిపరీక్షలో ముందువాడు చెప్పింది విని చెప్పాను. మేడమ్ నన్ను కాపాడటానికి అలా అంది. తప్పంతా నాది."

పెద్దసారు లేచి నిలబడ్డారు. ఏ ఉత్తర్వు ప్రకారం లేచారో ఆయనకే తెలియలేదు. చిన్నమేడమ్ రెండు చేతుల్లో ముఖం దాచుకుంది.

చేతికర్రావిడ మాత్రం కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. కళ్ళు మూసుకుంది. కుడిచేయి ముందుకు చాపింది. "చూపించండి," అంది.

పండ్లాయన వెళ్ళి ఆవిడ వేళ్ళ మధ్య ఒక పండు పెట్టాడు. "ఇది రెండండీ. తొడిమ దగ్గర నొక్కండి. మెల్లగా." ఇంకోటి పెట్టాడు. "ఇది మూడు." ఆవిడ మళ్ళీ మొదటిది అడిగి తీసుకుంది. మళ్ళీ రెండోది. "అబ్బా," అంది మెల్లగా. "నలభై ఏళ్ళుగా చూస్తూనే ఉన్నాను, ఒక్కసారీ ముట్టుకోలేదు." తర్వాత కళ్ళు తెరిచి చిన్నమేడమ్ వైపు తిరిగి, "జరిగింది జరిగినట్టు రాయమ్మా," అంది.

కమిటీ వెళ్ళాక పెద్దసారు పండ్లాయనను గదిలోకి పిలిచారు. తలుపు వేయమన్నారు.

"ఆ పరీక్షలో అంకెలు ఇంకా గుర్తున్నాయా?"

"ఉన్నాయండీ." చెప్పాడు, అదే వరసలో. పెద్దసారు మీసం ఒకసారి కదిలింది, వెంటనే సర్దుకుంది.

"రంగు చూసి చేసే పని మీకివ్వడానికి నిబంధన ఒప్పుకోదు. సోమవారం నుంచి ఆ బల్ల దగ్గర మీరు కూర్చోవడానికి వీల్లేదు."

పండ్లాయన తల వంచుకున్నాడు. "అలాగేనండీ," అన్నాడు.

"మీరు నిలబడండి. ఆ బల్ల దగ్గర మేం కూర్చుంటాం. మాకు నేర్పండి. ఉత్తర్వు రాస్తున్నాను, ఇకమీదట ఈ విభాగంలో ఎవరూ పండ్లను రంగు చూసి వేరుచేయకూడదు." రాసి, సంతకం పెట్టి, తేదీ వేసి, ముద్ర కూడా కొట్టారు. పండ్లాయన ఆ కాగితం అందుకుని అక్కడే ఏడ్చేశాడు. పెద్దసారుకు ఏం చేయాలో తోచక ఇంకో ముద్ర కొట్టారు.

సోమవారం పొద్దున ఆ బల్ల చుట్టూ ఆరుగురు కూర్చున్నారు. ఆరుగురికీ కళ్ళకు రుమాళ్ళు. చిన్నమేడమ్ నాడి త్వరగానే పట్టింది. మిగతావాళ్ళు ఒకటిని నాలుగన్నారు, నాలుగును రెండన్నారు. పండ్లాయన వాళ్ళ వెనక తిరుగుతూ, "అంత గట్టిగా వద్దు సార్, అది పండు, కాలింగ్ బెల్లు కాదు," అని మందలించాడు. వినకుండా పెద్దసారు బలమంతా పెట్టి నొక్కారు. పండు చిట్లి రసం ఆయన తెల్లచొక్కా మీద చిమ్మింది.

పెద్దసారు రుమాలు విప్పకుండానే, చొక్కా తడుముకుంటూ, "ఏంటది? మరకా? ఏం రంగు మరక? ఎరుపా, ఆకుపచ్చా?" అని కంగారుగా అడిగారు.

"ఆ సంగతి నన్నడక్కండి సార్, నాకు తెలియదు," అన్నాడు పండ్లాయన, గదిలో అందరికీ వినపడేలా. "పండు మాత్రం మూడోది."